కింద పడిన హార్డ్ డిస్కు, కరెంటుకు పోయిన హార్డ్ డిస్కు: ఏది ఎక్కడ బాగవుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది. అమలాపురంలో పెళ్ళి ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో. ఒకే వారంలో రెండు డిస్కులు పోయాయి. మొదటిది 2 టీబీ పోర్టబుల్ డిస్కు. కాపీ అవుతుండగా వైరు కాలికి తగిలి బల్ల మీంచి పడింది. ఇప్పుడు పెడితే లైటు వెలుగుతుంది, తిరుగుతుంది, ఎనిమిది పది సార్లు టిక్ టిక్ అని ఆగిపోతుంది. అందులో ఐదు పెళ్ళిళ్ళున్నాయి. రెండోది వాళ్ళ అన్నగారి ధాన్యం కమీషన్ లెక్కలున్న 1 టీబీ డెస్క్‌టాప్ డిస్కు. కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చాక దానిలో చలనమే లేదు. ఒకరు మూత విప్పి హెడ్డు (డేటాను చదివే, రాసే మొన) సర్దుతానన్నారు, ఒకరు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు, ఇంకొకరు అలాంటిదే ఇంకోటి కొని బోర్డు (డిస్కు అడుగున ఉండే ఎలక్ట్రానిక్ పలక) మార్చమన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

ముందుగా ఒక్క విషయం అండి. కింద పడిన డిస్కును మళ్ళీ కంప్యూటరుకు పెట్టకండి. వేరే కేబుల్‌తోనూ వద్దు, స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనూ వద్దు. కవరులో పెట్టి బీరువాలో పెట్టేయండి. ఎందుకో కింద చెబుతాను.

రెండూ హార్డ్ డిస్కులే గానీ జబ్బులు వేరు. మొదటిదానికి లోపలి భాగాలు దెబ్బతిన్నాయి. అది ఊళ్ళో బల్ల మీద బాగయ్యే పని కాదు. రెండోదానికి చాలావరకు బోర్డు దెబ్బ అయివుంటుంది. సోల్డరింగ్ చెయ్యి తిరిగిన మెకానిక్ ఎవరైనా అరగంటలో తేల్చేస్తారు, అమలాపురంలోనే. ఇంకో మాట: ఈ పనిలో రిపేరు అంటే డిస్కును మళ్ళీ వాడుకునేలా చేయడం అనుకోవద్దు. ఒక్కసారి ఊపిరి పోసి, లోపలున్నదంతా మంచి డిస్కు మీదికి దించుకోవడం. ఆ తర్వాత పాతదాన్ని పనిలో పెట్టకూడదు.

కింద పడితే లోపల ఏమవుతుంది

డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలుంటాయి, వాటినే ప్లాటర్లంటారు. 2 టీబీ పోర్టబుల్‌లో సాధారణంగా రెండు ప్లాటర్లు, ఒక్కోదానికి పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం నాలుగు హెడ్డులు. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90. ప్లాటర్ బయటి అంచు దగ్గర లెక్క కడితే గంటకు సుమారు 65 కిలోమీటర్ల వేగం, హైవే మీద బస్సు పోయేంత. ఆ వేగంతో పోతున్న ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్డు గాలి మీద తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం యాభై వేల నానోమీటర్ల పైమాటే. డిస్కు ఆగి ఉన్నప్పుడు హెడ్డులు ప్లాటర్ బయట ఉన్న చిన్న ప్లాస్టిక్ మెట్టు మీదికెక్కి కూర్చుంటాయి. అందుకే ఆగిన డిస్కు పడితే చాలాసార్లు బతుకుతుంది. తిరుగుతున్న డిస్కు పడితే హెడ్డు వెళ్ళి ప్లాటరుకు కొట్టుకుంటుంది.

టిక్ టిక్ ఎందుకంటే, ప్లాటర్ మీద ఫ్యాక్టరీలో రాసిన దారి గుర్తులుంటాయి. హెడ్డు వాటిని చదివి తానెక్కడుందో తెలుసుకుంటుంది. హెడ్డు వంగినా, చిట్లినా ఆ గుర్తులు దొరకవు. అప్పుడు చెయ్యి చివరిదాకా పోయి, అడ్డుకు తగిలి, వెనక్కి వచ్చి మళ్ళీ వెతుకుతుంది. మీరు వింటున్న టిక్ ఆ తగలడమే. ఇలా వెతికే ప్రతిసారీ చిట్లిన హెడ్డు మొన ప్లాటరును గీకుతూ ఉండొచ్చు. గీకితే సన్నటి పొడి రాలుతుంది. ఆ పొడి మిగతా మూడు హెడ్డుల కింద పడి వాటినీ పాడుచేస్తుంది. ఆఖరికి కొత్త హెడ్డులు వేసినా గీత మీదికి రాగానే అవీ చస్తాయి. పడిన వెంటనే తీసుకెళ్ళిన డిస్కులో దాదాపు మొత్తం రావచ్చు. అదే డిస్కును ఇరవై సార్లు పెట్టి చూసి తీసుకెళ్తే ఏమీ రాకపోవచ్చు. ఆపమన్నది అందుకే.

చప్పుడును బట్టి జబ్బు కొంత పోల్చుకోవచ్చు. తిరగకుండా సన్నగా కీచుమని అంటుంటే హెడ్డులు ప్లాటరుకు అతుక్కుపోయాయి, మోటారు తిప్పబోయి తిప్పలేకపోతోంది. రాయి మీద కత్తి నూరినట్టు గరగర వస్తే ప్లాటర్ గీసుకుపోతోంది, ఆ క్షణంలోనే తీసేయాలి. ఏ చప్పుడూ, ఏ అదురూ లేకపోతే ముందు బోర్డును అనుమానించాలి. హాయిగా తిరుగుతూ, కంప్యూటర్‌లో పేరు కనిపిస్తూ, ఫోల్డర్ తెరిస్తే మాత్రం నిమిషాల తరబడి తిరుగుతుంటే బ్యాడ్ సెక్టార్లు (ప్లాటర్ మీద చదవడానికి రాని ముక్కలు) గానీ, ఒక హెడ్డు బలహీనపడటం గానీ అయివుంటుంది.

టిక్ టిక్‌కి ఒక్క మినహాయింపు ఉంది, అది మీకు వర్తించదు గానీ చదివేవాళ్ళకు పనికొస్తుంది. ఎప్పుడూ పడని పోర్టబుల్ డిస్కు టిక్ అంటుంటే కరెంటు చాలడం లేదేమో చూడాలి. తిరగడం మొదలుపెట్టేటప్పుడు దానికి 5 వోల్టుల మీద సుమారు 1 ఆంపియర్ కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. క్యాబినెట్ ముందు పోర్టు, పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు, పాత హబ్బు కలిస్తే వోల్టేజి పడిపోయి హెడ్డు తడబడుతుంది. పొట్టి కొత్త కేబుల్‌తో, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న వెనక పోర్టులో పెట్టి ఒక్కసారి చూడండి. పడిన డిస్కు మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

మీకు చెప్పిన మూడు సలహాలు

ఫ్రిజ్ సలహా పాతది. మోటారు బేరింగు బిగుసుకుపోయిన పాతకాలపు డిస్కులు చల్లబడితే సన్నగా కుంచించుకుని ఒక్కసారి తిరిగేవని మొదలైంది. ఇప్పటి డిస్కుకు అది కీడే, మన వైపు మరీ కీడు. ఫ్రిజ్‌లోంచి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెడితే నిమిషంలో చెమర్చి చుక్కలు కారడం రోజూ చూసేదే. డిస్కు పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది, ‘ఈ రంధ్రం మూయవద్దు’ అని దాని పక్కనే రాసి ఉంటుంది. గాలి అందులోంచి ఆడుతుంది కాబట్టి అదే చెమ్మ ప్లాటర్ మీద కూడా పడుతుంది. నానోమీటర్ల ఎత్తులో ఎగిరే హెడ్డుకు ఆ పొర గోడలాంటిది.

హెడ్డు సర్దడం అనే పని అసలు లేదు. హెడ్డుకు బిగించే మర గానీ, తిప్పే స్క్రూ గానీ ఉండదు. చెడితే నాలుగు హెడ్డులున్న కట్టను మొత్తంగా తీసి, ఇంకో డిస్కులోంచి తీసిన కట్ట వేయడమే. దాన్ని గాలి వడకట్టిన క్లీన్ బెంచి మీద చేస్తారు. ఆ బెంచి మీద ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన రేణువులు నూరు దాటకూడదు. మామూలు గదిలో అవి లక్షల్లో ఉంటాయి. ఫ్యాను తిరుగుతున్న షాపులో, బయట రోడ్డు దుమ్ము, ఒబ్బిడి రోజులైతే గాలిలో ధాన్యం నుసి, అలాంటి చోట మూత తెరిస్తే తర్వాత బాగుచేయడం చాలా కష్టం. మూత విప్పిన డిస్కును మంచి ల్యాబులు కూడా సగం మనసుతోనే తీసుకుంటాయి.

ఇక బోర్డు మార్చడం. మీ డిస్కు తిరుగుతోంది, హెడ్డు కదులుతోంది అంటే బోర్డు తన పని తాను చేస్తోంది. మార్చి లాభం లేదు. పైగా ఈ మధ్య డిస్కుల్లో ప్రతి బోర్డు మీదా ఆ డిస్కుకే సొంతమైన కొలతలు రాసిన చిన్న చిప్పు ఉంటుంది. ఏ హెడ్డుకు ఎంత కరెంటివ్వాలి, ఏ హెడ్డు ఎంత పక్కకుంది వంటివి ఫ్యాక్టరీలో ఆ ఒక్క డిస్కును కొలిచి రాస్తారు. వేరే బోర్డు యథాతథంగా వేస్తే ఆ కొలతలు సరిపోవు. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో, ముఖ్యంగా వెస్టర్న్ డిజిటల్ పాస్‌పోర్టు రకాల్లో, యూఎస్‌బీ సాకెట్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, లోపల సాటా సాకెట్టు (డిస్కును నేరుగా కంప్యూటరుకు కలిపేది) ఉండదు. పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డు డేటాను తాళం వేసి రాస్తుంది. అలాంటిదాని బోర్డు పారేస్తే తాళంచెవి కూడా పారేసినట్టే. డిస్కు ఇచ్చేటప్పుడు దాని సొంత బోర్డు, వీలైతే ప్లాస్టిక్ పెట్టె, కేబుల్ అన్నీ కలిపి ఇవ్వండి.

ల్యాబుకు వెళ్ళేముందు చేయాల్సింది

మీ వృత్తిలో దీనికంటే ముందు వెతకాల్సిన చోట్లు రెండున్నాయి. ఒకటి కెమెరా కార్డులు. ఆ ఐదు పెళ్ళిళ్ళు తీసిన కార్డులు ఏవో గుర్తుపట్టి, ఈ క్షణం నుంచి వాటితో కొత్తగా ఏదీ షూట్ చేయకండి. కెమెరాలో ఫార్మాట్ చేసినా మామూలుగా పోయేది సూచిక మాత్రమే. మీద కొత్త షూటింగ్ రాయనంతవరకు ఫొటోలు చాలావరకు వస్తాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో వెతకొచ్చు, దొరికినవాటిని అదే కార్డు మీద కాకుండా వేరే చోట దాచాలి. వీడియోలు ముక్కలుగా రాసివుంటే పూర్తిగా రాకపోవచ్చు. రెండోది, ఆల్బమ్ డిజైనర్‌కి, ఎడిటింగ్ చేసేవాళ్ళకి, ప్రింటు ల్యాబుకు పంపిన కాపీలు. రాజమండ్రిలోనో, కాకినాడలోనో వాళ్ళ సిస్టమ్‌లో ఇంకా ఉండొచ్చు. తుడిచేలోపు ఇవాళే ఫోన్ చేయండి. ఐదింట్లో మూడు ఇలా దొరికితే ల్యాబులో అడగాల్సింది రెండే.

క్లీన్ బెంచి ఉన్న చోటుకు మన వైపు నుంచి ఎక్కువమంది హైదరాబాద్‌కే వెళ్తారు. కౌంటర్ దగ్గర ఈ ప్రశ్నలు అడగండి. మూత మీరే తెరుస్తారా, వేరే ఊరు పంపుతారా? పంపితే ఎవరికి? పరీక్ష ఫీజు ఎంత, హెడ్డుల కోసం కొనే డోనర్ డిస్కు ధర ఎంత, పని కూలి ఎంత, మూడూ విడివిడిగా కాగితం మీద రాసిస్తారా? డేటా రాకపోతే ఇందులో ఏది కట్టాలి? ఫైళ్ళ జాబితా చూపించాకే మిగతా డబ్బు తీసుకుంటారా? సూటిగా జవాబు చెప్పేవాళ్ళకే ఇవ్వండి. చూడకుండానే ‘నూటికి నూరుశాతం వస్తుంది’ అనేవాళ్ళ దగ్గర ఆగకండి. మూత తెరవకుండా ప్లాటర్ మీద గీత ఉందో లేదో ఎవరికీ తెలియదు.

డోనర్ విషయంలో కూడా కొంత తెలిసి ఉంటే మంచిది. మోడల్ నంబరు ఒకటే అయితే చాలదు. హెడ్డుల సంఖ్య, ఫర్మ్‌వేర్ (డిస్కును నడిపే లోపలి ప్రోగ్రాము), తయారైన దేశం కలవాలి, తయారైన తేదీ కూడా వీలైనంత దగ్గరగా ఉండాలి. అందుకే డోనర్ దొరకడానికి వారాలు పడుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో పాత డిస్కుల కుప్పల్లో వెతికేది ఇవే. అదృష్టం కొద్దీ మీరు ఒకేసారి రెండు కొని ఉంటే, రెండోదాని లేబుల్ ఫొటో తీసి ల్యాబుకు చూపించండి. కలిస్తే అదే డోనర్ అవుతుంది, గానీ అది తిరిగి మీకు పనికిరాదు. అందులో డేటా ఉంటే ముందే కాపీ తీసుకోవాలి.

కావలసిన ఫోల్డర్ల పేర్లు, పెళ్ళి తేదీలు, కెమెరా ఫైళ్ళ రకం ఒక కాగితం మీద రాసివ్వండి. కొత్త హెడ్డులు ఎంతసేపు బతుకుతాయో తెలియదు కాబట్టి వాళ్ళు ఆ ఫోల్డర్లే ముందు లాగుతారు. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ కోసం ఆ కొద్ది సమయం ఖర్చు కాకూడదు.

తీసుకెళ్ళేటప్పుడు కొరియర్ కంటే చేతిసంచి నయం. యాంటీ స్టాటిక్ కవరు, దాని చుట్టూ రెండంగుళాల మందం బబుల్ ర్యాప్, గట్టి అట్టపెట్టె. పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళినా, రావులపాలెం నుంచి బస్సెక్కినా సంచి ఒళ్ళో పెట్టుకోండి, సీటు కింద వద్దు.

వారంటీ గురించి ఒక్క ముక్క. కంపెనీ వారంటీలో కొత్త డిస్కు ఇస్తుంది, మీ డేటా ఇవ్వదు. పాతది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఐదు పెళ్ళిళ్ళున్నప్పుడు వారంటీ మాట మరచిపోండి.

అన్నగారి డిస్కు

ఇది చాలా ఆశ ఉన్న కేసు. దీని సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే మన వైపు డెస్క్‌టాప్ డిస్కులు పోయేది ఎక్కువగా ఇలాగే. వర్షాకాలంలో కరెంటు నిమిషానికోసారి వచ్చిపోతుంటుంది. చెరువుల మీద ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే లైట్లు మసకబారే ఊళ్ళున్నాయి. దానికి తోడు ఎర్త్ లేని ఇళ్ళు. క్యాబినెట్ ఇనుప అంచు ముట్టుకుంటే వేలు జివ్వుమంటోందంటే ఎర్త్ లేదని అర్థం. చవకరకం పవర్ సప్లై ఈ దెబ్బలన్నీ ఆపలేక కొంత డిస్కు మీదికి తోసేస్తుంది.

మొదట డిస్కును వదిలేసి పవర్ సప్లైని చూడండి. మల్టీమీటరుతో కొలిస్తే ఎర్రవైరు మీద 4.75 నుంచి 5.25 వోల్టులు, పసుపువైరు మీద 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి. దాటితే ఆ సప్లైకి ఇంకే డిస్కునూ తగిలించకండి. మంచి సప్లై, మంచి సాటా కేబుల్‌తో డిస్కును అరచేతిలో పట్టుకుని ఆన్ చేయండి. సన్నటి అదురు తగిలితే మోటారు తిరుగుతున్నట్టు. ఏమీ లేకపోతే విప్పి బోర్డు చూడాల్సిందే.

బోర్డు విప్పడానికి నక్షత్రం తల స్క్రూడ్రైవర్ కావాలి, టీ6 గానీ టీ5 గానీ. మామూలు మైనస్ డ్రైవరుతో తిప్పితే తల అరిగిపోతుంది. డిస్కు అడుగున కనపడే ఆకుపచ్చ లేదా నీలం బోర్డుకున్న స్క్రూలే విప్పాలి. పైన వెండిరంగు మూత స్క్రూల జోలికి, స్టిక్కర్ల కింద దాగిన స్క్రూల జోలికి వెళ్ళకూడదు. బోర్డు తిప్పి చూస్తే పవర్ సాకెట్టు పక్కనే బియ్యపుగింజ కంటే కాస్త పెద్దవి రెండు నల్లటి భాగాలుంటాయి. అవి టీవీఎస్ డయోడ్లు, ఒకటి 5 వోల్టుల దారికి, ఒకటి 12 వోల్టుల దారికి. వోల్టేజి హద్దు మీరితే ఇవి తామే షార్టయిపోయి వెనకున్న చిప్పులను కాపాడతాయి. షార్టయ్యాక సప్లై కరెంటు ఇవ్వడం మానేస్తుంది, అందుకే డిస్కు చచ్చినట్టు కనిపిస్తుంది. కొన్నిసార్లు ఆ డిస్కు పెడితే కంప్యూటరే ఆన్ కాదు. అది ఈ జబ్బుకు మంచి గుర్తు.

పరీక్ష సులువు. కరెంటేమీ లేకుండా మల్టీమీటరును ఓముల మీద పెట్టి, డయోడు రెండు చివర్లా తాకించండి. సున్నాకు దగ్గరగా, బజర్ మోగేలా ఉంటే షార్టు. అదే కొలతను సాటా పవర్ సాకెట్టు దగ్గర కూడా చూసుకోవచ్చు. పదిహేను పిన్నుల్లో 7 నుంచి 9 దాకా 5 వోల్టులు, 13 నుంచి 15 దాకా 12 వోల్టులు, 4 నుంచి 6 దాకా గ్రౌండు. షార్టయిన డయోడును సోల్డరింగ్ ఐరనుతో వేడిచేసి తీసేయాలి, లేదా సన్నటి కటింగ్ ప్లేయరుతో జాగ్రత్తగా తుంచేయాలి, కింద రాగిదారి లేవకుండా. తీశాక మళ్ళీ కొలవండి. షార్టు పోయిందా, బోర్డు బిగించి, కొలిచి చూసిన మంచి సప్లైతో ఆన్ చేయండి. చాలా డిస్కులు ఇక్కడే లేచి కూర్చుంటాయి. డయోడు లేకపోయినా డిస్కు నడుస్తుంది గానీ దానికిప్పుడు కాపలా లేదు. ఇంకో దెబ్బ తగిలితే నేరుగా చిప్పుకే. కాబట్టి లేచిన ఆ మొదటిసారే డేటా మొత్తం తీసేసుకోవాలి. ఆరోజు కంప్యూటర్‌ను యూపీఎస్ మీద పెట్టండి.

లెక్కలకు సంబంధించి ట్యాలీ అయితే, దాని డేటా ఫోల్డరులో అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లే కంపెనీల లెక్కలు. మిగతావాటితో పోలిస్తే చిన్నవి, మొదట వాటినే పెన్‌డ్రైవ్ మీదికి తీసుకోండి.

డయోడు తీసినా లేవకపోతే పెద్ద చదరపు చిప్పుల్లో మోటారు నడిపేదాన్ని చూడండి. దాని మీద సూది గుచ్చినంత రంధ్రం, కాలిన మచ్చ, లేదా ఆన్ చేసిన రెండు సెకన్లలో వేలు పెట్టలేనంత వేడి ఉంటే ఆ బోర్డు అయిపోయింది. అప్పుడు బోర్డు మార్చే సలహా సరైనదవుతుంది, ఒక షరతుతో. వెస్టర్న్ డిజిటల్ బోర్డు మీద 2060తో మొదలయ్యే నంబరు, సీగేట్ బోర్డు మీద 100తో మొదలయ్యే తొమ్మిదంకెల నంబరు ఉంటుంది. అది అక్షరం పొల్లుపోకుండా కలిసే బోర్డు తేవాలి. తర్వాత పాత బోర్డు మీది ఎనిమిది కాళ్ళ రోమ్ చిప్పును, అంటే ఇందాక చెప్పిన సొంత కొలతల చిప్పును, హాట్ ఎయిర్‌తో తీసి కొత్త బోర్డు మీద అదే దిక్కులో వేయాలి. మూల చుక్క ఎటుందో విప్పేముందు ఫొటో తీసుకోండి. ప్రోగ్రామరు అనే, చిప్పు చదివి రాసే పరికరం ఉన్న మెకానిక్ అయితే చిప్పులోది ముందు చదివి ఫైలుగా దాచుకోమనండి. వేడికి చిప్పు పోయినా ఆ ఫైలుతో కొత్తది రాయొచ్చు. ఆ ఫైలు లేకుండా చిప్పు పోతే డిస్కు ల్యాబు పనే అవుతుంది. కొన్ని వెస్టర్న్ డిజిటల్ బోర్డుల మీద ఈ చిప్పు విడిగా కనిపించదు, కొలతలు పెద్ద చిప్పు లోపలే ఉంటాయి. అప్పుడు ఊళ్ళో ప్రయత్నం ఆపేయాలి.

బోర్డు విప్పినప్పుడే ఇంకో పని. బోర్డు లోపలివైపు, డిస్కు హెడ్డుల పిన్నులు వచ్చి తగిలే చోట, చిన్న బంగారు లేదా తగరం రంగు చుక్కలు వరుసగా ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో, చెరువుల పక్క షెడ్లలో నాలుగైదేళ్ళు వాడిన డిస్కు విప్పితే ఇవి నల్లగా, పొక్కులు లేచి కనిపిస్తాయి. ఈ మకిలి ఒక్కటే చాలు డిస్కు అప్పుడప్పుడు మాయమవడానికి, ఎప్పుడూ పడకపోయినా టిక్ అనడానికి. తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక బిగించండి. గరుకు కాగితం వాడకండి, పూత పోతుంది.

బయట పెట్టుకునే పెద్ద డిస్కులు వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ పెట్టెకు 12 వోల్టుల అడాప్టరు వస్తుంది, ల్యాప్‌టాప్ అడాప్టరు మామూలుగా 19 వోల్టులు. పిన్ను సైజు కలిస్తే పొరపాటున ఇది అందులో దూరుతుంది. ఇలాంటి డిస్కుల్లో 12 వోల్టుల డయోడు పోవడానికి ఇదొక కారణం. అడాప్టర్ల మీద పెద్ద అక్షరాలతో స్టిక్కరు అంటించండి.

డిస్కు లేచాక కాపీ ఎలా తీయాలి

అన్నగారి డిస్కు మామూలుగా లేచి వేగంగా తెరుచుకుంటే కాపీ పేస్టు చాలు. ఆగి ఆగి వస్తుంటే మాత్రం విండోస్‌లో ఫోల్డర్లు తెరుస్తూ కూర్చోకండి. ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే వద్దనండి, ‘స్కాన్ చేసి సరిచేయాలా’ అన్నా వద్దనండి. చెక్‌డిస్క్ నడపకండి. అది ఫైళ్ళ సూచికను పొందికగా చేయడానికి పుట్టింది. చదవలేని చోట ఉన్న సమాచారాన్ని కత్తిరించి పారేస్తుంది, అదీ ఒరిజినల్ డిస్కు మీదే.

ముందు స్మార్ట్ లెక్క, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క చూడండి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు. మార్చిన సెక్టార్లు, చదవడానికి ఎదురుచూస్తున్న సెక్టార్లు అనే రెండు వరుసలు ముఖ్యం, 5 నంబరుదీ 197 నంబరుదీ. ఆ ప్రోగ్రామ్ నంబర్లను పదహారు ఆధారిత లెక్కలో చూపిస్తుంది కాబట్టి 197 అక్కడ సీ5గా కనిపిస్తుంది. 197 పెరుగుతూ పోతుంటే డిస్కు చస్తోంది. కేబుల్‌లో వచ్చే తప్పులను లెక్కపెట్టే 199 మాత్రమే పెరుగుతుంటే డిస్కుది తప్పు కాదు, సాటా కేబుల్ మార్చండి.

చస్తున్న డిస్కుకు సరైన పనిముట్టు లైనక్స్‌లో ఉండే డీడీరెస్క్యూ. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ ఆన్ చేసి, చెడిన డిస్కును తెరవకుండా, అంటే మౌంట్ చేయకుండా, సెక్టారుకు సెక్టారు మంచి డిస్కు మీదికి కాపీ చేయాలి. ఎదుటి డిస్కు అంతే సైజు లేదా పెద్దది ఉండాలి, అందులో ఉన్నదంతా పోతుంది. ఏది ఒరిజినలో ఏది ఖాళీదో సీరియల్ నంబరుతో రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే ఉన్నదీ పోతుంది. మొదటి విడతలో ‘నో స్క్రేప్’ ఆప్షన్ పెట్టండి. అంటే తేలిగ్గా వచ్చేదంతా లాగేసి, చెడిన చోట ఆగకుండా దూకేస్తుంది. రెండో విడతలో మాత్రమే చెడిన చోట్లకు తిరిగి వెళ్ళాలి, రెండు మూడు ప్రయత్నాలు చాలు. ఎక్కడెక్కడ కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలుకు పేరు ఇవ్వడం మర్చిపోకండి, దాన్ని వేరే పెన్‌డ్రైవ్ మీద రాయించండి. కరెంటు పోయినా ఆ మ్యాప్ ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

సమయం లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 1 టీబీకి మూడు గంటల లోపు. అదే నలిగిన డిస్కు 5 మెగాబైట్లు ఇస్తుంటే రెండు రోజుల పైన. అన్ని గంటలు చిన్న యూపీఎస్ నిలబడదు, ఇన్వర్టరు లైను మీద నడపండి. డిస్కు వేడెక్కకుండా పక్కన ఫ్యాను పెట్టండి.

మ్యాపులో చెడిన ముక్కలు ఒకచోట గుంపుగా ఉంటే పర్వాలేదు. చారల లుంగీలా సమాన దూరంలో మంచి, చెడు, మంచి, చెడు అని మొదటి నుంచి చివరిదాకా వస్తుంటే ఒక హెడ్డు పూర్తిగా పోయిందని అర్థం. వచ్చింది దాచుకుని అక్కడితో ఆపండి. రెండో విడత మొదలుపెడితే ఆ చచ్చిన హెడ్డు ప్లాటరును గీయవచ్చు. ఆ తర్వాత అది కూడా హెడ్డులు మార్చే కేసే.

ఫైళ్ళు వెలికితీసే ప్రోగ్రాములు, టెస్ట్‌డిస్క్ గానీ ఫొటోరెక్ గానీ, కాపీ మీదే నడపాలి.

వరదలో తడిసిన డిస్కు

అడగలేదు గానీ, 2022 జులై వరదల్లో లంక గ్రామాలు మునిగినట్టు మళ్ళీ ఎప్పుడైనా మునిగితే తెలిసి ఉండాలి. నీళ్ళలో మునిగిన డిస్కును ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యరు వద్దు, బియ్యంలో పెట్టడం వద్దు. గాలి రంధ్రంలోంచి లోపలికి పోయిన బురదనీరు ఆరితే ఒండ్రు ప్లాటర్ మీద అట్టకట్టుకుపోతుంది. తడిగా ఉన్నదాన్ని తడిగానే జిప్ కవరులో గాలి తీసి మూసి, ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేర్చాలి. ఒకసారి కూడా ఆన్ చేయకూడదు. ఉప్పునీళ్ళయితే ఇంకా తొందర. ఎస్‌ఎస్‌డీకి హెడ్డులు, ప్లాటర్లు లేవు, దానిది వేరే శాస్త్రం. అది కూడా తడిస్తే ఆన్ చేయకపోవడం ఒక్కటే రెండింటికీ సమానం.

డేటా తిరిగి తీసుకునేటప్పుడు

ల్యాబువాళ్ళు కొత్త డిస్కులో వేసి ఇచ్చిన రోజు, ఫోల్డర్ల పేర్లు చూసి సంతోషపడి డబ్బు కట్టేయకండి. పేరు, సైజు సరిగ్గా ఉండి లోపల సున్నాలే ఉన్న ఫైళ్ళు వస్తుంటాయి. అక్కడే కూర్చుని ప్రతి పెళ్ళి నుంచి నాలుగైదు వీడియోలు మొదట, మధ్యలో, ఆఖర్న ఆడించి చూడండి. ఫొటోలు చిన్న బొమ్మలుగా కాకుండా పెద్దవి చేసి చూడండి, సగం కింద బూడిదరంగు పట్టీ వస్తే అది తెగిన ఫైలు. జీలకర్రబెల్లం, తలంబ్రాలు లాంటి మళ్ళీ తీయలేని ఘట్టాలు ముందు చూసుకోండి. రెండు వారాలపాటు వాళ్ళ దగ్గరి కాపీ తుడవొద్దని రాయించుకోండి, ఆలోపు అన్నీ తీరిగ్గా సరిచూడొచ్చు. పాత డిస్కును, తీసిన హెడ్డులను, బోర్డును తిరిగి అడిగి తీసుకోండి. మీద ‘వాడకూడదు’ అని తేదీతో రాసి విడిగా పెట్టండి, లేకపోతే సీజన్ తొందరలో ఎవరో ఒక కుర్రాడు దాన్నే తీసి మళ్ళీ పెళ్ళి కాపీ చేస్తాడు.